ఏడో నంబరు కుర్చీ

పదకొండేళ్ళుగా మా ఆవిడ వకుళా, సర్వేయరు పట్టాభిరామయ్య గారూ మా అరుగు మీద ఒకే కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కపక్కన కాదు, ఒకరిలో ఒకరు. ఆయన మోచెయ్యి ఆవిడ భుజంలోంచి బయటికొస్తుంది. ఆవిడ ముక్కుపుడక ఆయన మీసంలో మెరుస్తుంది.

తప్పు నాదే. డబ్బా కెమెరాతో బతికేవాడికి ఒకటే నియమం. ఫొటో తీసిన వెంటనే రీలు తిప్పాలి, కెమెరా వెనక ఎర్రగాజు బిళ్ళలో తరవాతి అంకె కనబడేదాకా. ఆ రోజు వకుళను తీసి, "నవ్వడం కూడా చేతకాదా నీకు?" అని కసురుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ చిరాకులో రీలు తిప్పలేదు. అదే ఏడో అంకె మీద సర్వేయరు గారిని తీశాను.

సాయంత్రానికి ఇద్దరూ కుర్చీలో ఉన్నారు.

రోజూ ఒకే గ్లాసుతో కాఫీ ఇస్తాను. ఆయనకు పంచదార పడదు, ఆవిడకు లేకపోతే గొంతు దిగదు. సగం చెంచా వేస్తాను. ఇద్దరూ మొహం చిట్లిస్తారు.

"ఏమండీ, ఈయన బరువు మొయ్యలేకపోతున్నాను. వెనక్కి తిప్పెయ్యండి," అంటుంది వకుళ.

"రీలు వెనక్కి తిరగదు."

"పోనీ, ముందుకి?"

"నువ్వు రీలు చుట్టలోకి వెళ్ళిపోతావు. నాకు ఖాళీ కుర్చీ వస్తుంది."

సర్వేయరు గారు గొంతు సవరించుకుంటారు. "కొలిచానండీ. ఇందులో ఒక్కరికే చోటుంది."

ఇవాళ బిళ్ళలో ఏడో అంకె పాలిపోతోంది. ఇన్నేళ్ళ ఎండ ఆ ఎర్రగాజులోంచి కొంచెం కొంచెంగా లోపలికి దిగింది. సాయంత్రానికి అంకె ఉండదు, దాంతోపాటు వకుళా ఉండదు. నాకు భయం వేస్తుంది. కానీ భయం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

కెమెరాను స్టూలు మీద పెడతాను. ఫొటో తీసే మీటకు దారం కట్టి, కొస పట్టుకుని కుర్చీ దగ్గరికి నడుస్తాను.

"రీలు తిప్పారా?" అంటారు సర్వేయరు గారు.

"లేదండీ. ఈసారి కావాలనే."

"మూడోసారి వెలుగు పడితే అందరం తెల్లగా అయిపోతామేమో!"

"కొంచెం సర్దుకోండి," అని కూర్చుంటాను. దారం లాగుతాను.

టిక్కుమంటుంది. నా మోకాలు వకుళ మోకాల్లోకి దిగుతుంది. ఆయన బరువు నా మీద పడుతుంది. ఇంత బరువా? పదకొండేళ్ళు వకుళ దీన్ని మోసిందా? నాకు ఏడుపొస్తుంది.

"ఇన్నాళ్ళకి వచ్చి కూర్చున్నారు," అంటుంది వకుళ, నా గొంతుతో.

మా చేతులు తెల్లబడుతున్నాయి. ఆకాశంలో సూర్యుడి చోట ఎర్రగాజు బిళ్ళ ఉంది. దానికి అవతలి నుంచి ఒక పెద్ద కన్ను ఆనుకుని అంకె కోసం వెతుకుతోంది. ఎక్కడో రీలు తిప్పే నాబు కిర్రుమంటుంది. వీధి చివర పోస్టాఫీసు, తరవాత పిండిమర, మా వైపే కాగితంలా చుట్టుకుంటూ వస్తున్నాయి. ముగ్గురం కాళ్ళు పైకెత్తుకుంటాం.

నా పెదాలు నవ్వుతున్నాయి. ఆ నవ్వు నాది కాదు.