డాబా మీద కలుపు

మా ఆడపడుచు వరి వేళ్ల మీద పరిశోధన చేస్తుంది. వాళ్ల ఆఫీసులో మొక్కల షెడ్డుకు మరమ్మతులని ఆ ఎండాకాలం తన గొట్టాలను మా డాబా మీద నిలబెట్టింది. నడుమెత్తు గొట్టాలు, నిండా మట్టి, అడుగున నీళ్ల తొట్టి. పైనుంచి చుక్క పోయకూడదు. తడి కావాలంటే వేరు తనే కిందికి దిగాలి. అలా దిగే వేరు, పొలాల్లో కలుపుగా మొలిచే అడవి వరికి ఉంటుందట. దాన్ని మన వరికి తెస్తే నీళ్లు చాలని పొలం కూడా పండుతుందని తన ఆశ.

చివరి గొట్టంలోది ఆ రెంటికీ పుట్టిన మొక్క. తోటివన్నీ చచ్చిపోయి అదొక్కటే మిగిలింది. అది గింజ పట్టకపోతే ఇన్నేళ్ల పనీ మళ్లీ మొదటికొస్తుంది.

మా అత్తగారు వయసంతా వరిమళ్లలో కలుపు తీసిన మనిషి. బట్టలారేయడానికి వెళ్లి, మొదలు ఎర్రగా, పక్కకు వాలి ఉన్న ఆ మొక్కను చూశారు. కలుపు వరిని ఆ ఎరుపుతోనే పట్టేవారట. పిడికెడు ఆకులతో వంటింట్లోకి వచ్చి, టీ తాగుతున్న కూతురి ముందు పెట్టారు.

"కలుపు పెంచడానికా నీకు జీతమిచ్చేది?"

ఆడపడుచు ఆకులను చూసింది. కప్పు కింద పెట్టింది.

"అది కలుపేనమ్మా. అందుకే తెచ్చాను."

అత్తగారి ముఖం మాడిపోయింది. కావాలని చెయ్యలేదని గొణిగారు. పైగా అదెంత మొండిదో చెప్పుకొచ్చారు.

"రెండు చేతులా లాగాను. తెగింది గానీ రాలేదు."

"వేరు రాలేదా?"

జవాబు వినకుండానే తను మెట్లెక్కింది. నేను వెళ్లేసరికి మోకాళ్ల మీద కూర్చుని, తెగిన మొదలును వేలితో తడుముతోంది. "గట్టిగానే ఉంది వదినా," అంది. చిగురిస్తుందా అని అడిగితే, అడుగున తొట్టిలో నీళ్లున్నాయో లేదో చూసింది.

ఆ తర్వాత అత్తగారు రోజూ చెంబుతో పైకెళ్లేవారు. పైన పోస్తే వేరు బద్ధకిస్తుందని కూతురు చెప్పిన మాట గుర్తొచ్చి, నిండు చెంబుతోనే దిగొచ్చేవారు.

ఒకరోజు ఆరిన బట్టలు తేవడానికి వెళ్లాను. అత్తగారు చివరి గొట్టం దగ్గర వంగి చూస్తున్నారు. తెగిన మొదలు పక్కనే ఎండిన మట్టిలోంచి సూదిలా ఒక చిగురు, కింద ఎరుపు.

కూతుర్ని పిలవమన్నారు. నేను పిలిచి వచ్చేదాకా ఆవిడ చేతులు రెండూ వెనక్కి కట్టుకునే నిలబడ్డారు.