బంతి వదిలి వంగినవాడు

ఊరివాళ్లు డబ్బిచ్చి స్నానం చేసిపోయే తన స్నానశాలలో గల్లా దగ్గర కూర్చుని హిసాయో ఆ వీడియో మళ్లీ చూసింది. కొడుకు రెంతారో, ఊరి జట్టు గోల్‌కీపర్, గోలు వదిలి ముందుకు ఉరుకుతాడు. వాడి మోకాలు తగిలి అవతలి జట్టు ఆటగాడు కూలబడతాడు. రిఫరీ విజిల్ వెయ్యలేదు, బంతి ఇంకా ఆటలోనే ఉంది. మన మహానుభావుడేమో చేతులు తొడలకు ఆనించి నడుము దాకా వంగి క్షమాపణ చెప్పుకుంటున్నాడు. అవతలి జట్టులో ఇంకొకడు తీరిగ్గా బంతిని ఖాళీ గోలులోకి తన్నేశాడు. ఆ ఒక్క గోలుతో జట్టు ఓడింది.

వారం తిరిగేసరికి లోకమంతా దాన్ని చూసింది. బ్రెజిల్‌లో ఎవడో దానికి పాట కట్టాడు. పక్క జిల్లాకే తెలియని రెంతారోకి రాత్రికి రాత్రి పేరొచ్చింది. కాకపోతే అది నవ్వులపాలైన పేరు.

హిసాయోకి మాత్రం నవ్వు రాలేదు. ఆ వంగడం నేర్పింది తనే. నడక వచ్చిన దగ్గర్నించీ వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, స్నానానికొచ్చిన ప్రతి మనిషికీ మర్యాదగా వంగేలా చేసింది. వంగకపోతే ఆ సాయంత్రం వాడికి స్నానం తర్వాత చల్లని పాలసీసా లేదు. ఇప్పుడు వాణ్ణి జట్టులోంచి తప్పిస్తారని పేపర్లో రాశారు. తన పెంపకమే కొడుకు పొట్ట కొట్టిందని ఆమె కుమిలిపోయింది.

రోజూ వచ్చే మొరిషిత తాత వేన్నీళ్ల తొట్టిలోంచే గొంతెత్తాడు. "మేయరు పదేళ్లలో తేలేని పేరు నీ కొడుకు ఒక్క వంగుడుతో తెచ్చాడమ్మాయ్."

హిసాయోకి ఒళ్లు మండింది. వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే, ఇక మైదానంలో ఎవరికీ వంగకు. నేను నేర్పిందే తప్పనుకో."

ఆదివారం మ్యాచ్‌లో ఆడిస్తామన్నారనీ, ఈసారి తేడా వస్తే ఇక బెంచీ మీద కూర్చోవడమేననీ, చూడ్డానికి రమ్మనీ చెప్పి రెంతారో ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం ఆమె స్నానశాల మూసి వెళ్లింది. మైదానంలోకి దిగేటప్పుడు గడ్డికి వంగకుండా అడుగుపెట్టనివాడు ఆ రోజు నిటారుగా నడిచి వెళ్లాడు. తల్లి మాట విన్నాడు. అది చూసి ఆ తల్లి మనసే చివుక్కుమంది. వాడు బంతి పట్టినప్పుడల్లా అవతలి జట్టు అభిమానులు వరసగా లేచి, వంగి వంగి వెక్కిరించారు.

ఆట ముగియబోతుండగా, మనవాళ్లు ఒక్క గోలు ముందుండగా, అవతలి జట్టుకి పెనాల్టీ దొరికింది. హిసాయో కళ్లు మూసుకుందామనుకుంది గానీ చేతకాలేదు. రెంతారో ఎడమవైపు ఎగిరి, బంతిని రెండు చేతులా పొట్టకి కరుచుకుని పడ్డాడు. లేచి చూస్తే తన్నినవాడు మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. రెంతారో బంతి వదల్లేదు. బంతితో సహా అతని వైపు తిరిగి నడుము దాకా వంగాడు.

అవతలి అభిమానులు మళ్లీ లేచి వంగారు. ఈసారి ఒక్కడూ నవ్వలేదు. వీడు నా కొడుకు అని అరవాలన్నంత గర్వంతో హిసాయో గుండె పొంగిపోయింది.

ఆటయ్యాక అలవాటు ప్రకారం జట్టంతా సొంత అభిమానుల ముందు వరసగా నిలబడి వంగింది. రెంతారో తల్లిని వెతుక్కుంటూ కంచె దగ్గరికొచ్చాడు.

"నువ్వు నేర్పింది తప్పేం కాదమ్మా. బంతి పట్టుకున్నాక వంగమని చెప్పడం మర్చిపోయావ్, అంతే."

ఊళ్లో అందరికీ వంగిన హిసాయో కన్నకొడుక్కి ఎన్నడూ వంగలేదు. చుట్టూ ఫోన్లలో వీడియో తీస్తున్నా లెక్కచెయ్యకుండా, చేతులు తొడలకు ఆనించి, నడుము దాకా వంగింది.

"ఇంటికి రా," అంది తలెత్తి. "పాలసీసా చల్లగా పెట్టుంచాను."