మగపూల సంచి

చంపినవాడు జామీను మీద ఇంట్లో ఉన్నాడు. చూసినందుకు జమ్మన్న పోయినేడు పోలీసు జీపెక్కాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఉదయం తొమ్మిదయింది. ఇప్పుడు ఇటిక్యాల దగ్గర, విత్తనాల కోసం పండించే సీడు పత్తి చేనులో నడుము వంచి సాలు వెంట కదులుతున్నాడు. నిన్న సాయంత్రం పుప్పొడి కాడలు గిల్లేసి ఎర్ర కాగితం చుట్టిన మొగ్గల్ని ఒక్కొక్కటే విప్పి, నడుముకు కట్టిన గుడ్డసంచిలోంచి మగపువ్వు తీసి రుద్దుతున్నాడు. బొటనవేలి గోరు నల్లబడి, నిలువునా చీలి ఉంది. ఎండ నడినెత్తికి రాకముందే రుద్దాలి. లేకపోతే ఆ మొగ్గ కాయ కట్టదు, రాలిపోతుంది. ఇది ఇద్దరి పని. పక్క సాలులో ఇప్పుడెవరూ లేరు.

గట్టు మీద కానిస్టేబుల్ జావేద్ బండి ఆపాడు.

"జమ్మన్నా, ఇయ్యాల్నే కోర్టు తారీఖు. పా."

"మహారాష్ట్ర నేను రాను."

"ఆడిదాంక ఎవరు పొమ్మన్నరే? గద్వాల కోర్టులనే కూసుంటవ్. టీవీల అక్కడి జడ్జి కనిపిస్తడు. చెప్పేస్తివంటే మధ్యాన్నంకల్లా మళ్ల చేన్ల ఉంటవ్."

"పోయినేడు లేకుండెనా ఆ టీవీ?"

జావేద్ బండి అద్దం సరిచేసుకున్నాడు. "ఉండె. అడిగేటోడు లేకుండె."

జమ్మన్న నడుము సంచి విప్పకుండానే బండెక్కాడు.

ఆరేళ్ల కింద మహారాష్ట్రలో అపార్ట్‌మెంటు పనికి పోయినప్పుడు, ఐదో అంతస్తు స్లాబు మీంచి తోటి కూలీ మహేందర్‌ను సూపర్‌వైజర్ తోసెయ్యడం చూశాడు. మహేందర్‌ది పెద్దమందడి. తల్లికి జ్వరం, ఇంటికి పోతానన్నందుకు మాటా మాటా పెరిగింది. అక్కడి పోలీసులకు జమ్మన్న చూసింది చూసినట్టు చెప్పాడు. ఇంటికొచ్చాక మళ్లీ వలస పోలేదు.

పోయినేడు సరిగ్గా ఈ రోజుల్లోనే మహారాష్ట్ర కోర్టు నుంచి రెండుసార్లు సమన్లు వచ్చాయి. భార్య మాణెమ్మకు దమ్ము, ఊపిరి ఆడేది కాదు. ఆమెను ఒక్కదాన్నే చేనులో వదలలేక ఆ కాగితాలు దూలం సందులో దోపాడు. మూడోసారి వారంటు వచ్చింది. ఇద్దరూ మొగ్గలు గిల్లి కాగితాలు చుట్టడం అయిపోయిన సాయంత్రమే జీపు వచ్చింది.

"నీ సాళ్లు గూడ నేనే రుద్దుత తియ్యి," అంది మాణెమ్మ. "జల్ది రా. నీ మొఖం నచ్చి ఆడనే ఉంచుకుంటరేమో."

అదే ఆమె అతనితో అన్న ఆఖరి మాట.

గద్వాల కోర్టు వరండాలో, బెంచీ మీద మహేందర్ తల్లి విజయమ్మ కూర్చుని ఉంది. మొదటి బస్సుకు వచ్చింది.

"అన్నా, సూసింది నువ్వొక్కనివే. నువ్వు చెప్పకుంటే వాడు ఇడుదలైతడంట. నా కొడుకు కాలు జారి పడ్డడని రాస్తరంట."

"ఎరికే."

జమ్మన్న నడుముకున్న సంచి విప్పి ఇద్దరి మధ్య పెట్టి కూర్చున్నాడు. పోయినేడు మహారాష్ట్ర కోర్టులోనూ ఇట్లాంటి బెంచీయే. మొదటి రోజు జడ్జి సెలవు. రెండో రోజు సూపర్‌వైజర్ వకీలు రాలేదు. మళ్లీ తారీఖు వేసేదాకా కదలొద్దన్నారు. ఆ బెంచీ మీదే ఫోను వచ్చింది. మాణెమ్మ ఇద్దరి సాళ్లూ రుద్దిందట, ఒక్క మొగ్గ వదలకుండా. తర్వాత గట్టు మీద కూర్చుంది. పక్క చేను వెంకటన్న పిలిస్తే పలకలేదు. జమ్మన్న ఊరు చేరేసరికి ఆమె మీద పోసిన మట్టి ఆరిపోయి ఉంది.

లోపలికి పిలిచారు. తెర మీది వకీలు ఏదో అడిగాడు. ఇక్కడి గుమాస్తా తెలుగులో చెప్పాడు.

"ఆ రోజు ఏం చూసినవ్?"

బొమ్మ స్పష్టంగా ఉంది. మాట కూడా పక్కనుంచి వచ్చినట్టే వినిపిస్తోంది. పోయినేడూ ఇక్కడే కూర్చోబెట్టి అడిగి ఉండొచ్చు. తలుపు దగ్గర విజయమ్మ చేతులు జోడించి నిలబడింది.

"నాకేం తెల్వదు."

"పోలీసులకు చెప్పినవు గదా?"

"చెప్పిన. అప్పుడు నా పెండ్లాం బతికుండె. ఇగ ఈ ముచ్చట నా నోట రాదు. జైల్ల ఏసినా రాదు."

విజయమ్మను తప్పుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు. బెంచీ మీద గుడ్డసంచి నోరు తెరుచుకునే ఉంది. లోపల ఎవరూ రుద్దని మగపూలు, అంచుల నుంచి ముడుచుకుంటున్నాయి.