ఖాళీగా వదిలేసిన గడి

బాలి ద్వీపంలోని దెన్‌పసార్‌లో ఎమ్మే చదివే పిల్లలకు లైబ్రరీ అంటే ఫోనే. మంచం మీద పడుకుని వంద గ్రంథాలు దించుకుంటారు, పది తెరుస్తారు, ఒకటి చదువుతారు. సెకారిని అనే అమ్మాయి కూడా ఆ తానులో ముక్కే. పాత వైద్యం మీద ఆమె రాసిన సిద్ధాంత వ్యాసానికి ఆధారాలన్నీ అలా దించుకున్నవే. నాలుగు పద్యాలకు మాత్రం ఆధారం దొరకలేదు.

అవి పసిపిల్లల జ్వరానికి వేసే పట్టు గురించినవి. మందులు నూరుతూ తాత మెర్తా నోటితో నేర్పాడు. ఆయన పేరు అచ్చులో చూడాలనే ఆమె అసలు ఈ చదువుకు దిగింది.

"తాత చెప్పాడంటే కుదరదమ్మా," అంది గైడు సుత్రిస్ని మేడమ్. "రేపు పరీక్షకుల ముందు ఆయన్ని కూర్చోబెడతావా? ఏ గ్రంథం, ఎన్నో ఆకు, అది రాయి. సోమవారంలోగా రాయలేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యి."

ఆ పద్యాలున్న తాత తాళపత్రాలు ఇంట్లో ఉంటే ఈ బాధే లేదు. ఎనిమిదేళ్ళ కింద డిజిటల్ లైబ్రరీ వాళ్ళు వచ్చి ఆకు ఆకునూ ఫొటో తీసుకెళ్ళారు. అంతకుముందు ప్రతి సరస్వతి పండక్కీ పెట్టె దించి, దులిపి, పూలు పెట్టేవారు. ఫొటోలు తీశాక "కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయిగా" అని ఆ పెట్టె జోలికి ఎవరూ పోలేదు. చెదపురుగులకు కంప్యూటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. తాత పోయాక పెట్టె తెరిస్తే దోసెడు మట్టి మిగిలింది.

లైబ్రరీ వెబ్‌సైటులో గ్రంథం పేరుంది, ఆకుల లెక్కుంది. నొక్కితే "యజమాని కోరికపై మూసి ఉంచాం" అని వచ్చింది. మన ఇంటి పుస్తకమే కదా అని నవ్వుకుని స్కూటరెక్కింది.

లైబ్రరీలో సుగతా గారు నెమ్మదస్తుడు. "యజమాని చెబితే నిమిషంలో తెరుస్తాం," అన్నాడు.

"ఆయన మా తాతండీ. పోయి మూడేళ్ళయింది."

"అయితే వారసుల్లో పెద్దవారు సంతకం పెట్టాలమ్మా. ఇదిగో, అప్పుడు ఇచ్చిన కాగితం."

ఆ కాగితం మీది గుండ్రటి చేతిరాత ఆమెదే. 'ఎవరు చూడవచ్చు' అన్న గడిలో 'ఎవరూ చూడకూడదు' అని ఉంది. కింద బాలి లిపిలో తాత సంతకం.

ఫొటోల వాళ్ళను ఇంటికి తెచ్చింది ఆమే. నేర్వనివాడికి మందు చెప్పకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. తాతే దాన్ని సడలించాడు: "ఇంకా ఈ పట్టింపులెందుకే, పదిమందికి పనికొస్తే మంచిదేగా. చదువుకున్నదానివి, నీకు తోచింది రాయి." పంతొమ్మిదేళ్ళ సెకారినికి మాత్రం రోషం పొడుచుకొచ్చింది. "ఊరూ పేరూ లేనివాళ్ళు మన మందులు దోచుకుపోతారు తాతా," అని ఆ గడిలో అందరికీ తలుపులు మూసేసింది.

ఆమె వరండాలోకి వచ్చి పెదనాన్నకు ఫోన్ చేసింది.

"మా నాన్న వద్దన్నదాన్ని నేను తెరవనా?"

"తాత వద్దనలేదు పెదనాన్నా. అది నేను రాసింది."

"సంతకం ఆయనదేగా? అప్పుడు ఆయన పేరు పెట్టి నీ మాట రాశావు, ఇప్పుడు నా పేరు పెట్టి ఇంకో మాట రాస్తావా? నీ పరీక్ష కోసం మాటలు మారవమ్మా." ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆయన్ని తిట్టుకుందామనుకుంది. తిట్టడానికి ఆయన మాటలో తప్పు దొరకలేదు, అందుకే ఇంకా మండింది.

లోపలికి వెళ్తే సుగతా గారు కాగితంలో మూడో గడి మీద వేలు పెట్టి చూపించాడు. "మినహాయింపు ఉన్నవారి పేర్లు ఇక్కడ రాస్తారమ్మా. మీ పేరు ఉంటే ఎవరి సంతకమూ అక్కర్లేకపోయేది."

ఆ గడి ఖాళీగా ఉంది. తాత ఆ రోజు దాన్ని చూసి, "నీ పేరన్నా రాసుకోవే," అన్నాడు. "నాకెందుకు తాతా, పెట్టె ఇంట్లోనే ఉందిగా," అని ఆమె పెన్ను మూత పెట్టేసింది.

సోమవారం ఆ అధ్యాయం లేకుండానే వ్యాసం ఇచ్చింది. "ఇప్పుడు శుభ్రంగా ఉంది. ప్రతి మాటకీ ఆధారముంది," అని మేడమ్ మెచ్చుకుంది. పట్టా రావాలంటే ఆ వ్యాసాన్ని కూడా డిజిటల్ లైబ్రరీలో పెట్టాలి. అక్కడా అదే ప్రశ్న, ఎవరు చూడవచ్చు అని. సెకారిని 'అందరూ' అని రాసింది. తాత చెప్పిన మాట ఒక్కటి కూడా అందులో లేదు.