నలుపు మీద నురగ

ముప్ఫై ఏళ్ళుగా నేను బతుకుతున్నది ఒత్తిడి మీద. నా మీద ఎవరో పెట్టిన ఒత్తిడి కాదు, కాగితాల మీద నేను పెట్టేది. రబ్బరు స్టాంపులు చేసి అమ్మే దుకాణం నాది. గుమాస్తాలు, డాక్టర్లు, గోదాముల వాళ్ళు నా దగ్గర స్టాంపులు చేయించుకుని, ఊదా ఇంకులో అద్ది, తెల్ల కాగితం మీద ఠపీమని కొడుతుంటారు. అచ్చు నాకు అచ్చొచ్చిన వృత్తి.

అలాంటి నా దుకాణంలోకి ఆ ఉదయం మా అక్క మూడు రకాల నల్ల సామాను పట్టుకుని గాలిలా వచ్చి పడింది. సబ్బులు పెట్టే అట్టపెట్టెలు పది, ఇంకా మడవనివి. ఒంటినూనె పోసే గాజు సీసా ఒకటి. రెండూ వేసి ఇచ్చే గుడ్డ సంచి ఒకటి.

"నాలుగింటికి హోటలు మేనేజరమ్మ ఇక్కడికే వస్తోంది రా," అంది, కూర్చోకుండానే. "నలభై గదులు. గది గదికీ నా సబ్బు, నా నూనె. నమూనా నచ్చితే ఇవాళే ఆర్డరు రాస్తుందట. నచ్చకపోతే కంపెనీ సబ్బే కొనుక్కుంటుందట. మూడింటి మీదా తెల్లగా 'నురగ' అని పడాలి."

"అన్నీ నలుపే ఎందుకు కొన్నావక్కా?"

"నలుపైతే మాయదు కదరా."

"మాయదు సరే. మాటా కనపడదు."

నవ్వలేదు. అక్క నవ్వలేదంటే విషయం గట్టిదన్నమాట. బడి ఆఫీసులో పాతికేళ్ళు ఇతరుల కాగితాల మీద స్టాంపు కొట్టి, పోయినేడు రిటైరైంది. ఇంట్లో సబ్బులు చేయడం మొదలుపెట్టాక చుట్టాలందరూ ఉచితంగా రుద్దుకుని, మెచ్చుకుని, చేతులు కడుక్కున్నారు. కొంటానన్న మొదటి మనిషి ఈ మేనేజరమ్మే.

గంటలో స్టాంపు తయారైంది. ఇక కావలసింది తెల్ల ఇంకు. ఎదురు వరసలోనే ఇంకుల కొట్టు ఉంది. యజమాని చొక్కా మీద మరకలు లేని రోజు ఈ వీధి చూడలేదు కాబట్టి అందరికీ ఆయన మరకల మావయ్య.

"తెల్ల ఇంకు కావాలి మావయ్యా."

"దేని మీదికి అల్లుడూ?"

"నలుపు మీదికి."

"రంగు అడగలేదు, వస్తువు అడిగాను." నేను మూడు పేర్లూ చెప్పగానే ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. "ఒక్క సీసాతో మూడూ కానిద్దామనుకున్నావా? తెల్లనివన్నీ పాలనుకునే రకం నువ్వు. అట్ట తాగుబోతు, దానికి ఈ నీళ్ళ ఇంకు. ఆరడానికి గంట పడుతుంది, ఓర్చుకో. గాజుకి తాగే అలవాటు లేదు, నీళ్ళ ఇంకు వేస్తే జారిపోతుంది. దానికి ఈ ఘాటు వాసనది. క్షణంలో ఆరుతుంది. స్టాంపు మీద కూడా ఆరిపోతుంది గనక కొట్టగానే తుడిచెయ్యి. ఈ మూడోది గుడ్డకి. ఇస్త్రీ చేస్తేనే ఉతుక్కి నిలుస్తుంది. మూడింటినీ బాగా కుదుపు, తెలుపు అడుక్కి చేరుతుంది. ఒక్కోదానికి ఒక్కో కొత్త ప్యాడు. నీ ఊదా ప్యాడు మీద పోశావో, లేత వంకాయ రంగు నురగ వస్తుంది."

వచ్చి సీసాలు కుదిపాను. నాతో పాటు నా పొట్టా కుదిరినంత కదిలింది. గాజు మీద స్టాంపును అటు నుంచి ఇటు దొర్లించాను. 'నురగ' అని పాలమీగడలా నిలిచింది. అక్క వేలితో గీకింది, పోలేదు. నీళ్ళు చల్లింది, పోలేదు. సంచి మీద కొట్టాను, నా భార్య ఇస్త్రీపెట్టె తెచ్చి పైన పాత గుడ్డ పరిచి రుద్దింది. అదీ నిలిచింది. అక్క ముఖం వెలిగిపోతోంది. టైము మూడుంబావు. మిగిలింది అట్ట ఒక్కటే, అది నాకు వెన్నతో పెట్టిన విద్య అని, ఆరడానికి గంట పడుతుందన్నది మరిచి, చివరికి ఉంచుకున్నాను.

వెన్న తెల్లగా ఉంటుందని అప్పుడు తట్టలేదు.

అట్ట అంటే కాగితానికి అన్న. కాగితం పని అనగానే నా చేయి తన పాత దారిన తను పోయింది. నా బల్లకి ఎడమ మూల తెల్ల కాగితాల దొంతర ఒకటి ఉంటుంది. ఏ స్టాంపైనా ముందు దాని మీద ఒక దెబ్బ, తర్వాతే అసలు చోట. ముప్ఫై ఏళ్ళ నియమం. అద్దాను, కొట్టాను. ఏమీ పడలేదు.

"ఇంకు చాలలేదు రా," అంది అక్క.

ఇంకొంచెం ఇంకు అద్ది కొట్టాను. పడలేదు.

"ఇంకిపోతోందేమో."

ఇంకా ఇంకు పోశాను. కాగితం మార్చాను. గట్టిగా ఒత్తాను. అక్క లేచి వచ్చి నా చేతి మీద తన చెయ్యి పెట్టి ఒత్తింది. ఇద్దరి అనుభవం కలిపితే యాభై అయిదేళ్ళు. పదమూడు కాగితాలు, పదమూడు సున్నాలు.

"సీసా మంచిది కాదు. మావయ్య మోసం చేశాడు," అని, నిరూపిద్దామని ఆ స్టాంపునే తీసి నల్ల అట్ట మీద కొట్టాను. తెల్లటి గడ్డ ఒకటి పడింది. అక్షరాల సందులన్నీ ఇంకుతో పూడిపోయి, ముద్ర కాస్తా ముద్దయింది.

నా భార్య ఇస్త్రీపెట్టె పట్టుకుని మా వెనకే నిలబడి ఉంది. దొంతరలోంచి ఒక కాగితం తీసి కిటికీ వైపు ఏటవాలుగా పట్టింది. తడి మెరుపులో 'నురగ' స్పష్టంగా కనబడింది.

"తెల్ల కాగితం మీద తెల్ల ఇంకు," అంది మెల్లగా. "ఈయనకి బుర్ర ఎలాగూ లేదనుకోండి. మీకేమైంది వదినా?"

అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండూ తెల్లబోయాయి. వాటి మీద కొట్టినా కనపడేది కాదు.

అక్క కుర్చీలో కూలబడింది. "గంట ఆరాలని మావయ్య చెప్పాడన్నావుగా. ఇరవై నిమిషాల్లో ఆవిడొస్తుంది. తడి నమూనా చూపించి ఏం చెప్పను రా?"

నేను పాత పళ్ళ బ్రష్షు తీసుకుని స్టాంపు సందులన్నీ తోమాను. నా పళ్ళు కూడా జన్మలో అంత శ్రద్ధగా తోముకోలేదు. తుడిచి, ఆరబెట్టి, ప్యాడు మీద పిల్లి అడుగంత మెత్తగా అద్ది, ఈసారి తిన్నగా నల్ల అట్ట మీద. పడింది. సన్నగా, తెల్లగా, 'ర' కడుపు చక్కగా ఖాళీగా. కానీ తడి. ఊదితే ఉమ్ము పడుతుందని అక్క నన్ను ఊదనివ్వలేదు.

"గుడ్డని ఇస్త్రీ ఆరబెట్టగా లేనిది, అట్టనెందుకు ఆరబెట్టదు?" అంది నా భార్య. అట్టని బోర్లించకుండా రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెట్టింది. వెనక వైపు నుంచి, తాకీ తాకనట్టు ఇస్త్రీపెట్టె ఆనించింది. తెలుపు మీది మెరుపు చూస్తూండగానే తగ్గింది. పావుగంట సేపు మా ముగ్గురిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. పూర్తిగా మెరుపు చచ్చి వట్టి తెలుపు మిగిలింది. అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

మేనేజరమ్మ సన్నగా, పొడుగ్గా, గడియారంలో ముల్లులా ఉంది. సీసా చూసింది, సంచి చూసింది. అట్ట తీసుకుని, "ఇదింత వెచ్చగా ఉందేంటి?" అంది.

"తాజాగా దింపాం," అన్నాను.

"స్నానాలగదిలో ఉండే సరుకండీ ఇది." ఆవిడ బల్ల మీది నీళ్ళ గ్లాసులో బొటనవేలు ముంచి, 'నురగ' మీద అటూ ఇటూ మూడుసార్లు రుద్దింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ వేలు ఎత్తి చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది. అట్ట మీద అక్షరాలు అలాగే ఉన్నాయి.

"నెలకి రెండు వందల సబ్బులు చేయగలరా?"

"మూడొందలు," అంది అక్క. ముందెప్పుడూ అన్ని చేయలేదు.

మేనేజరమ్మ తన చేతిసంచిలోంచి ఆర్డరు కాగితం తీసి సంతకం పెట్టింది. అక్కా పెట్టింది. "కింద మీ స్టాంపు కూడా వేయండి," అంది ఆవిడ. ఆ మాట వినగానే ఆనందంలో నా చేయి మళ్ళీ తన దారిన తను పోయింది. అద్దాను, ఠపీమని కొట్టాను, గర్వంగా కాగితం అందించాను.

ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "పడలేదండీ," అంది.

"పడింది," అంది నా భార్య. "కిటికీ దగ్గర పెట్టి చూడండి. ఇంకో పదమూడు కూడా ఉన్నాయి."

అక్క పొట్ట పట్టుకుని నవ్వుతూ నా సొరుగు లాగి, పాత ఊదా ప్యాడు తీసి నా ముందు పెట్టింది. స్టాంపు మాత్రం నా చేతిలోంచి లాక్కుంది. తుడిచి, ప్యాడు మీద అద్ది, పాతికేళ్ళ చేతి అలవాటుతో మొదటిసారి తన సొంత కాగితం మీద తనే కొట్టింది.