టైర్ల కొట్టు మలుపు

మందుల షాపు దగ్గరికి రాగానే కూతురు ఆగింది. పక్కనే తండ్రీ ఆగాడు.

"ఇప్పుడెటు నాన్నా?"

ఆయన అటూ ఇటూ చూసి, నిండు నమ్మకంతో ఎడమకు తిరిగాడు.

"తప్పు నాన్నా. నిన్న కూడా ఇదే తప్పు చేశావు."

"నిన్న మనం ఇటొచ్చామా?" అన్నాడాయన, కూతురు ఆటపట్టిస్తోందేమోనని మొహంలోకి చూస్తూ.

ఎడమ సందులో ఉన్నది టైర్ల కొట్టు. వాళ్ళిల్లు అటు కాదు. తిన్నగా ముందుకెళ్ళి దర్జీ కొట్టు పక్కన తిరగాలి. ఈలోపు టైర్ల కొట్టాయన స్టూలు లాగి దుమ్ము దులుపుతున్నాడు.

"రండి డ్రైవర్ గారూ. ఇవాళ ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా."

ఆయన నిజంగా డ్రైవరే. ఉద్యోగమంతా సిటీ బస్సు మీదే గడిచింది. ఆమధ్య జ్వరమొచ్చి మెదడుకెక్కింది. బతికి బయటపడ్డాడు, మనిషి మనిషిలాగే ఉన్నాడు. ఏ రూటులో ఏ స్టాపు తర్వాత ఏ స్టాపో కళ్ళు మూసుకుని చెబుతాడు. పొద్దున ఏం తిన్నాడో మాత్రం చెప్పలేడు. డ్యూటీ పోయింది కాబట్టి డిపో క్వార్టర్సు ఖాళీ చేసి ఈ అద్దింటికి వచ్చారు. ఇల్లు మారిన సంగతే ఆయనకు ఒంటబట్టలేదు.

డాక్టరు విడమరిచి చెప్పింది. "విన్నదాన్ని కాసేపు పట్టి ఉంచే జ్ఞాపకం ఒకటి, ఏళ్ళ తరబడి దాచుకునేది ఇంకొకటి. ఈయనకు రెండూ ఉన్నాయి. దీన్నుంచి దానికి చేరవేసే చోట దెబ్బ తగిలింది."

"అంటే పాసింజర్లు ఎక్కుతున్నారు గానీ బస్సు కదలట్లేదు. అంతేగా?" అన్నాడాయన.

డాక్టరు పక్కున నవ్వింది. ఇంటికొచ్చాక కూతురు అదే విషయం మళ్ళీ చెబితే ఆయన మళ్ళీ అదే మాటన్నాడు, అప్పుడే తట్టినట్టు మురిసిపోతూ. ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నా ఆమె మొదటిసారి విన్నట్టే నవ్వేది.

పట్టి ఉంచడమంటే ఏమిటో ఆమె టీ కొట్టు దగ్గర చూసింది. "రెండు టీ, ఒకటి చక్కెర లేకుండా" అని చెప్పి పంపితే, ఆయన పెదాల మీదే జపం చేసుకుంటూ వెళ్ళి సరిగ్గా చెప్పేవాడు. దారిలో ఎవరైనా "బావున్నారా" అంటే చాలు, మొత్తం గాలికి పోయేది.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. మొదటి ఏడాదే ఆయన ఆమెకు "డిగ్రీ మేడమ్" అని పేరు పెట్టాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగా రిజల్టొచ్చింది. అందుకే రోజూ అడుగుతాడు, "రిజల్ట్ ఎప్పుడే డిగ్రీ మేడమ్?" అని. ఫస్ట్ క్లాసొచ్చిందని చెప్పగానే మొహం చాటంత అవుతుంది.

"నీకేమే, రోజూ పాసవుతున్నావు" అని తల్లి దెప్పేది.

ఒకటో తారీకున ఆ పిల్ల రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరాలి. తల్లి పొద్దున్నే బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది. ఆయన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? తల్లి పెద్ద తాళం కొనుక్కొచ్చి కిటికీలో పెట్టింది.

"బయట గడియకు ఇదేసి పోదాం. ఇంట్లో టీవీ ఉంది, అన్నం మూత పెట్టి ఉంటుంది. లోటేముంది?"

"ఊరంతా బస్సు తిప్పిన మనిషికి తాళం వేస్తావా అమ్మా?"

"వెయ్యకపోతే ఎటో పోతారు. ఆయన్ని లోపల పెట్టి తాళం తిప్పడం నాకేమన్నా సరదానా?"

"దారి నేను నేర్పిస్తా. టీ కొట్టుకెళ్ళి తనంతట తను తిరిగొచ్చేలా."

"నువ్వు ఉద్యోగంలో చేరేలోపు ఒక్కసారి ఒంటరిగా వస్తే, ఆ తాళం నేనే తీసేస్తా" అంది తల్లి.

కూతురు తను చదువుకున్న పద్ధతిలోనే నేర్పింది. చెప్పడం, అడగడం, తప్పయితే దిద్ది మళ్ళీ అడగడం. అన్ని పరీక్షలూ అలాగే గట్టెక్కింది. నాన్న మాత్రం మందుల షాపు దాటట్లేదు. "ఎటు నాన్నా" అనగానే ఎడమకే. అడగ్గా అడగ్గా ఆమె గొంతులో విసుగు కూడా చేరింది. ఎందుకు మందలిస్తోందో ఆయనకు గుర్తుండేది కాదు గానీ, ఆ సాయంత్రమంతా ముభావంగా ఉండేవాడు.

నెలాఖరు దగ్గర పడ్డాక ఒకరోజు టైర్ల కొట్టాయన అన్నాడు, "మీ నాన్న ఈ సందు తప్పితే ఒట్టు. మా తమ్ముడు కూడా నా కొట్టుకి ఇంత పద్ధతిగా రాడమ్మా."

కూతురు నవ్వబోయి ఆగిపోయింది.

నిజమే. మరిచిపోయే మనిషయితే రోజుకో దిక్కు పోవాలి. లేదా పాత అలవాటు కొద్దీ కుడివైపు క్వార్టర్సుకు పోవాలి. ఈ సందుతో ఆయన పాత బతుకుకు సంబంధమే లేదు. మొదటి రోజు తను అడిగితే, తెలియక ఏదో ఒకటని తిరిగిన మలుపు ఇది. అంటే ఆయన నేర్చుకున్నాడు! 'తప్పు' అన్న మాట నిలవలేదు, తిరిగిన మలుపు నిలిచిపోయింది. ఇక్కడ ఆగు, ఎడమకు తిరుగు అని రోజూ తనే వల్లె వేయించింది.

తనకైతే తప్పు చేసిన సంగతి గుర్తుంటుంది కాబట్టి మళ్ళీ చెయ్యదు. ఆయనకు ఆ సంగతే ఉండదు, చేసిన పని మాత్రం కాళ్ళలో మిగిలిపోతుంది. సిగ్గేసింది. దాని వెనకాలే గంతేయాలనిపించింది. తప్పు నిలిచిన కాళ్ళలో ఒప్పు మాత్రం ఎందుకు నిలవదు?

మర్నాడు టీ కొట్టు ముందున్న స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఆయన్ని రోడ్డు దాటించింది. దాటేటప్పుడు ఆయన రెండు వైపులా చూసిన తీరు చూస్తే, ఆ విషయంలో ఆయనకు చెప్పాల్సిందేమీ లేదని అర్థమైంది.

"డైవర్షనా?" అన్నాడు.

"అవును నాన్నా. అటు తవ్వేస్తున్నారు."

అవతలి పక్కన నడిస్తే మందుల షాపు మూల కాళ్ళకు తగలదు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. 'గుర్తుందా' అన్న మాటే నోటంట రానివ్వలేదు. పాత రూట్ల కబుర్లు చెప్పిస్తూ, దర్జీ కొట్టు దగ్గర ఆయన తటపటాయించే లోపే మోచెయ్యి తాకి సందులోకి తిప్పేది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వీలైనన్ని సార్లు అలాగే తిప్పింది. రానురాను మోచెయ్యి తాకడం తగ్గించింది, తర్వాత ఒకడుగు వెనక నడిచింది.

నెల ఆఖరి రోజు ఆయన్ని టీ కొట్టులో వదిలి, తను వెనకాల దూరంగా నిలబడింది. ఆయన టీ తాగాడు, స్పీడ్ బ్రేకర్ దగ్గర రోడ్డు దాటాడు. సగం దారిలో టైర్ల కొట్టాయన ఎదురొచ్చాడు.

"ఏం డ్రైవర్ గారూ, మా వైపు రావడం మానేశారు! ఇల్లెక్కడ?"

వెనకే వస్తున్న కూతురు అడుగు పెంచింది. మాటల్లో పడితే అంతే సంగతులు.

"డిపో క్వార్టర్సండీ. ఇదిగో, ఇలా పోతే వచ్చేస్తుంది" అంటూనే ఆయన దర్జీ కొట్టు పక్క సందులోకి తిరిగాడు.

ఇంటి తలుపు కింద నేలకు రాసుకుంటుంది. కొత్తవాళ్ళు రెండుమూడుసార్లు తోసి చూసి పిలుస్తారు. ఆయన గడియ పట్టుకుని తలుపు కాస్త పైకెత్తి, భుజంతో ఒక్క తోపు తోశాడు. లోపల భార్య కనిపించింది.

"నువ్విక్కడున్నావేమే? ఎవరిల్లిది? ఆ తలుపేదో బాగుచేయించుకోవచ్చుగా, ఎత్తి తొయ్యాల్సొస్తోంది!"

ఆమె ఆయన చేతి వంకే చూసింది. కిటికీలో తాళం తీసి పెట్టె అడుగున పడేసి మూత వేసింది. వెనకాలే రొప్పుతూ కూతురొచ్చి చతికిలబడింది.

"వచ్చావా డిగ్రీ మేడమ్! రిజల్ట్ ఏమైంది?"

"పాసయ్యా నాన్నా. ఫస్ట్ క్లాసు."

ఆయన మొహం విప్పారింది. ఇవాళ పాసయింది తనేనని ఆయనకు తెలియదు, చెప్పినా నిలవదు. చెబుదామని ఆమె నోటిదాకా వచ్చింది. కానీ అంతలోనే తల్లి వంటింట్లోంచి ఖాళీ పాల పాకెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏమండీ, టీ కొట్టులో ఇలాంటిదే ఇంకోటి తెండి. మరిచిపోతే చేతిలోది చూసుకోండి."

ఆయన పాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకుని బయల్దేరాడు. కూతురు లేవబోయింది.

"నువ్వు కూర్చోవే" అంది తల్లి.

కూర్చుంది.