బీడు పెట్టిన మూడేళ్లు

పిటిషన్‌లో ఏడో పేరా రాసింది సరళే. "పిటిషనర్లు, వారి పెద్దలు 1985 నుంచి నేటి వరకు ఏ ఒక్క ఏడాదీ విరామం లేకుండా సదరు భూములను సాగు చేసుకుంటున్నారు" అని ఉంటుంది అందులో. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రాసింది కూడా కాదు, వెనకటి కేసులోంచి ఎత్తి ఇందులో పెట్టింది. లాయర్ల ఆఫీసుల్లో పేరా అంటే పక్కింటి నుంచి తెచ్చుకునే పెరుగు తోడు. ఎవరి పాలలో వేసినా తోడుకుంటుందని నమ్మకం.

ఖమ్మంలో అడవి భూముల కేసులు ఉచితంగా వాదించే న్యాయ సంస్థ ఒకటుంది. రెండు గదులు, నలుగురు మనుషులు, గోడల ఎత్తున ఫైళ్లు. నడిపేది రామకృష్ణ అనే వకీలు, మధిర వైపు మనిషి, అరవై దాటాయి. సరళ ఆయన దగ్గర మూడేళ్లుగా జూనియరు. తండ్రి హరిలాల్, లంబాడీ తండా నుంచి వచ్చి ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకుని, బిడ్డను లా చదివించాడు. ఆ బిడ్డ ఏమో ఫీజు ఇవ్వలేని వాళ్ల కేసులే ఏరుకుంది.

పినపాక మండలంలో అడవి అంచున ఇప్పలగుంపు అని ఇరవై మూడు కోయ ఇళ్లున్న పల్లె. వాళ్ల పోడు భూముల చుట్టూ నిరుడు ఫారెస్టోళ్లు జేసీబీతో కందకం తవ్వి, నాగలి పెడితే కేసు పెడతామని బోర్డు పాతారు. పట్టాల కోసం పెట్టిన దరఖాస్తులు చెల్లవన్నది వాళ్లే, కందకం తవ్వింది వాళ్లే, కేసు రాసేదీ వాళ్లే. కొట్టినవాడే పంచాయతీకి కూర్చుంటే దెబ్బలు తిన్నవాడు ఎక్కడికి పోవాలి? ఆ అధికారం మీకెవరిచ్చారని అడుగుతూ సంస్థ హైకోర్టుకు వెళ్లింది. తేలేదాకా ఎవర్నీ కదిలించవద్దని కోర్టు స్టే ఇచ్చింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు పదమూడు నాటికి భూమి సాగులో ఉండాలి. ఏడో పేరా అందుకే.

సరళ మొదటిసారి వెళ్లినప్పుడు గుంపులో ఎవరూ నోరు విప్పలేదు. కాగితాలు పట్టుకొచ్చినవాళ్లను చాలామందినే చూశారు వాళ్లు. పైగా లంబాడోళ్ల పిల్ల, మన భూములతో ఈమెకేం పని అని గొణుక్కున్నారు కూడా. జంపక్క ఒక్కతే, "ఎండల పడి వచ్చింది, ముందుగాల అంబలి తాగనియ్యుండ్రి" అని అందరి నోళ్లూ మూయించింది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, చెప్పిందంటే గుంపు వింటుంది. సరళను ఇల్లిల్లూ తిప్పింది ఆమే. వేలిముద్రల రోజున మణుగూరు నుంచి వచ్చిన నోటరీ ఐదింటికల్లా వెళ్లిపోవాలని తొందరపెట్టాడు. సరళ అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఏడో పేరా ఒక్కసారి చదివి, "గిది నిజమే గదా?" అంది. "అవ్" అన్నారు. అందరికంటే ముందు అన్నది జంపక్క.

జూన్‌లో ఒక సోమవారం రామకృష్ణ సరళను పిలిచి ఒక రంగుల ఫొటో ముందుకు జరిపాడు. అటవీ శాఖ వాళ్లు కోర్టులో దాఖలు చేసిన జవాబుతో పాటు వచ్చింది. 2005 డిసెంబరులో ఉపగ్రహం తీసిన ఇప్పలగుంపు. ఇరవై రెండు చెలకలు గోధుమ రంగులో ఉన్నాయి. ఒక్కటి మాత్రం ముదురు ఆకుపచ్చ.

"ఈ పచ్చటిది, పద్నాలుగో నంబరు, ఎవరిదమ్మా?"

"జంపక్కది సార్."

"అది చేను కాదు, అడవి. ఏడో పేరా అబద్ధమంటున్నారు. ఇరవై మూడు అఫిడవిట్లూ ఒకే అచ్చులో ఉన్నాయి కాబట్టి ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమే, మొత్తం కొట్టెయ్యండని అడుగుతున్నారు. గురువారం వాయిదా. నువ్వు వెళ్లి కనుక్కునిరా."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, మణుగూరులో దిగి, ఆటో పట్టుకుని వెళ్లింది సరళ. తొలకరి పడింది. జంపక్క వాకిట్లో కూర్చుని విత్తనం జొన్నలు చెరుగుతోంది. మొగుడు సమ్మయ్య కాస్త అవతల నాగలి కర్రు సరిచేస్తున్నాడు. సరళ ఫోనులో ఫొటో తెరిచి చూపించింది.

"వాగు ఏది?" అంది జంపక్క.

సరళ చూపించింది. జంపక్క వేలు వాగు దగ్గర మొదలై, నిదానంగా పైకి పాకి, ఆకుపచ్చ మరక మీద ఆగింది. "ఇది మాదే."

"గింత పచ్చగుందేంది పెద్దమ్మా? ఆ ఏడు దున్నలేదా?"

సమ్మయ్య చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా, కందకం వైపు నడుచుకుంటూ పోయాడు. జంపక్క చేట కింద పెట్టింది.

"అంతకుముందేడు యశోద పోయింది గద," అంది.

సారపాకలో కిరాయికుండే కొడుకు ఒక్కడే సరళకు తెలుసు. యశోద ఎవరో తెలియదు. అడిగింది. అడగ్గానే, దాచుకున్నదేమీ లేనట్టు, జంపక్క మొదటి నుంచీ చెప్పింది.

"ఎనిమిదేండ్ల పిల్ల. జొన్న పాలు పట్టింది, పిట్టలు కొట్టనీకి మంచె మీద కూసోబెట్టిన. నేను ఇంటికొచ్చి గటక వండుతున్న. ఆకలైందేమో, దిగింది. గడ్డిల పాము ఉన్నది. మంచం మీదేసి పినపాక దాకా మోసుకపోయిండ్రు. ఆడ జీపు దొరికింది. భద్రాచలం దవాఖానాకు పోతుంటే గోదారి బ్రిడ్జి కనబడ్డది, అదిగో ఒచ్చినం బిడ్డా అంటున్న. గప్పటికే సల్లబడ్డది."

జంపక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"పడ్డకాడనే పెట్టుకున్నం. చిన్న రాయి నిలబెట్టినం. మా ఇంట్ల గట్ల బిడ్డ పోతే మూడేండ్లు ఆ చెలకల నాగలి పెట్టం. మా అత్త చెప్పింది, భూమి గూడ ఏడుస్తది, దాన్ని లేపొద్దు అని. మూడేండ్లల్ల మోదుగలు, తునికిలు గింతెత్తు లేసినయి. నాలుగో ఏడు కొట్టి జొన్న ఏసినం. రాయి సుట్టూత ఇడిసిపెట్టి."

"మరి ఏ ఏడూ ఆపలేదు గదా అంటే అవ్ అంటివి గదా పెద్దమ్మా."

జంపక్క ఆమె వైపు వింతగా చూసింది. "ఆపలేదు గద బిడ్డా. బీడు పెట్టినం. మనిషి పండుకుంటే సచ్చిపోయిండంటరా?"

పోడు చేసేవాళ్లు భూమికి పని చెప్పడం ఎంత సేద్యమో, భూమిని నిద్రపుచ్చడమూ అంతే సేద్యం. ఈ సంగతి పినపాకలో పశువులు కాసేవాడికి కూడా తెలుసు. లా చదివిన సరళకు తెలియలేదు, తెలుసుకుందామన్న ధ్యాస కూడా లేకపోయింది. ఆ రోజు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే అఫిడవిట్‌లో రెండు వాక్యాలు పెరిగేవి. బిడ్డ చనిపోయింది, ఇంటి ఆచారం ప్రకారం మూడేళ్లు బీడు పెట్టారు. రామకృష్ణ వాటి మీద గంటసేపు వాదించేవాడు. ఆ రాయే సాక్ష్యమయ్యేది. గోటితో పోయేదాన్ని ఆమె గొడ్డలి దాకా తెచ్చింది, ఆ గొడ్డలి ఇప్పుడు జంపక్క మీద పడుతోంది.

సిగ్నలు కోసం రోడ్డు మీది కల్వర్టు దాకా వెళ్లి ఫోను చేసింది. రామకృష్ణ అంతా విన్నాడు.

"కొత్త అఫిడవిట్ వేద్దాం సార్, ఉన్నది ఉన్నట్టు చెబుదాం."

"ఇప్పుడు చెబితే, దొరికిపోయాక కథ అల్లారంటారు. మనమే ఒప్పుకున్నట్టవుతుంది, పేరా అబద్ధమని. మిగతా ఇరవై రెండూ దాంతోపాటే మునుగుతాయి." ఆయన గొంతు మెత్తబడింది. "ఆమె పేరు పిటిషన్‌లోంచి తీసేద్దామమ్మా. ఉపసంహరించుకుంటున్నట్టు ఆమెతో మెమో రాయించు. తర్వాత విడిగా వేద్దాం."

తర్వాత అంటే ఏమిటో సరళకు తెలుసు. పేరు తీసిన మర్నాడే స్టే పోతుంది. స్టే పోయిన మర్నాడు జేసీబీ వస్తుంది.

"ఆ పేరా నాది సార్. తప్పు నాది."

"పేరా నీదే. వేలిముద్ర ఆమెది. కోర్టు వేలిముద్రనే అడుగుతుంది," అన్నాడాయన. కోపంగా అనలేదు. సంస్థ మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ ఫార్మాటు ఆయనదేనని ఇద్దరికీ తెలుసు, ఆ మాట ఇద్దరూ అనలేదు.

తిరిగి వచ్చేసరికి సమ్మయ్య కూడా వాకిట్లో ఉన్నాడు. సరళ నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేననుకుంది. పేరు ఉంటే ఏమవుతుందో, తీస్తే ఏమవుతుందో, రెండూ దాచకుండా చెప్పింది. సమ్మయ్య భార్య మొహంలోకి చూశాడు.

"నా ఒక్క పేరు తీస్తే మిగిలినోళ్లకు భూమి ఉంటదా?" అంది జంపక్క.

"ఉండొచ్చు పెద్దమ్మా. ఉంటదనే అంటుండు సార్."

"ఈ పిల్లను నమ్మి ఏలు పెట్టుండ్రని ఇల్లిల్లు తిరిగింది నేనే. ఇప్పుడు నా చెలక కోసం వాళ్లయి ముంచుతనా?" అని చెయ్యి చాపింది. "తేపో."

మెమో సరళే చేత్తో రాసింది. ఇంకు ప్యాడు తెరిచింది. జంపక్క బొటనవేలు ఎక్కడ ఆనించాలో చూపించాల్సి వచ్చింది, చూపించింది. వేలిముద్ర పడ్డాక సరళకు ఏడుపు ఆగలేదు. జంపక్కే లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

గురువారం పద్నాలుగో నంబరు పేరు కొట్టివేశారు. పది రోజులకు తీర్పు వచ్చింది. దరఖాస్తును తిరస్కరించిన శాఖే ఖాళీ చేయించడం చెల్లదని, ఇరవై రెండు కుటుంబాల హక్కులు గ్రామసభ ముందు మళ్లీ విచారించి తేల్చాలని, అంతవరకు ఆ భూముల జోలికి పోవద్దని కోర్టు గట్టిగానే చెప్పింది. అదే తీర్పులో చివరి పేజీ దగ్గర, అసత్యం చెప్పి దొరికిపోయి తప్పుకున్న పిటిషనరు గురించి ఒక ముక్క ఉంది. పేపర్లలో అది రాలేదు. సంస్థ ఫొటో వచ్చింది. ఆఫీసులో మైసూర్‌పాకు పంచారు. రామకృష్ణ ముక్క తీసుకుని చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. సరళ అది కూడా చేయలేదు.

జూలై రెండో వారంలో ఇప్పలగుంపు నుంచి ఫోను వచ్చింది, జంపక్క చెలకలో టేకు మొక్కలు నాటుతున్నారని. ఆపడానికి సరళ చేతిలో ఏ కాగితమూ లేదు. అయినా వెళ్లింది.

కందకానికి అవతల, కేసు గెలిచిన చెలకల్లో మొలకలు బెత్తెడెత్తు లేచాయి. జంపక్క చెలకలో వరసగా గుంతలు తీసి ఉన్నాయి. పది మంది కూలి ఆడవాళ్లు మొక్కలు పెడుతున్నారు, గార్డు గొడుగు వేసుకుని అజమాయిషీ చేస్తున్నాడు. ఆ పది మందిలో జంపక్క ఉంది. తల మీద మొక్కల తట్ట పెట్టుకుని, తన భూమిలో తానే ఫారెస్టోళ్ల టేకు నాటుతోంది.

సరళ దగ్గరికి వెళ్లి, "నువ్వెందుకొచ్చినవ్ పెద్దమ్మా గీ పనికి?" అంది.

"వేరేటోళ్లకు తెల్వది గద బిడ్డా, నా పిల్ల యాడుందో," అంది జంపక్క. "రాయి మొన్ననే మిషన్‌తోని పక్కకు నెట్టిండ్రు. నేనుంటె ఆడ గడ్డపార దిగనియ్య. రెండు గుంతలు పక్కకు జరుపుమన్న, గార్డు మంచోడే, సరేనన్నడు."

ఆమె వంగి ఒక మొక్కను గుంతలో నిలబెట్టి, చుట్టూ మట్టి చేతులతో అదిమింది. మొక్క మీద పగ లేనట్టే, ఏ విత్తనం పెట్టినా అదిమినట్టే అదిమింది. సరళ పక్కనే చతికిలబడింది. నెల రోజులుగా మోస్తున్న మాట అనేసింది.

"ఆ దినం నేను అడగలే పెద్దమ్మా. నిన్ను ఒక్క మాట అడిగుంటే ఇదంతా కాకపోవు."

జంపక్క చేతుల మట్టి దులుపుకుంది. సరళ మొహం చూసింది, చూపు తిప్పుకుంది.

"నువ్వు అడిగినా నేను చెప్పకపోదును బిడ్డా. గసొంటివి ఎవలకు చెప్పుకుంటం? ఊకో."

ఆ మంగళవారం వాకిట్లో, అడిగిన మరుక్షణం, జొన్నల చేట పక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పిన మనిషి ఆమె. అబద్ధాలకోరని కోర్టు కాగితానికెక్కిన జంపక్క, సరళ ఎరిగినంతలో, ఆడిన మొదటి అబద్ధం అది.